వాయువేగంగా రేపు రండి

కర్నూలు జిల్లాలో ఇకమీదట ఏ ఫైలూ నడవదని మంత్రిగారు ప్రకటించారు.

ఇంతకుముందు ఏ ఫైలు నడిచిందబ్బా అన్నట్టు సభలో కొందరు పక్కవాళ్ల ముఖాలు చూశారు. మంత్రిగారు అనుభవజ్ఞులు. వాక్యాన్ని ఎక్కడ విరవాలో తెలిసినవారు. సీసాలోంచి రెండు గుక్కల నీళ్లు తాగి, మూత తిరిగి బిగించి, "పరిగెత్తుతుంది!" అని పూర్తి చేశారు. అప్పుడు చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టాను.

పాఠకులు నన్ను ఆయన పార్టీ మనిషిని అనుకోవద్దు. కల్లూరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. చూడనిదాన్ని చూసినట్టు రాస్తే ఏడో తరగతి పిల్లలకే మార్కులు తగ్గిస్తాను. కాబట్టి ఇందులో నేను చూసింది, విన్నది మాత్రమే ఉంటుంది.

ఆ రోజు నేను అక్కడ ఉండటానికి కారణం వేరు. సభ పెట్టింది పౌర వసతుల కార్యాలయం ఆవరణలో. నాకు పని ఉన్నది ఆ కార్యాలయంలో. సభ అయ్యేదాకా లోపలికి పంపేది లేదన్నారు. ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చున్నాను.

పని చిన్నదే. మా బడికి ఒక కొళాయి కావాలి. నూట నలభై మంది పిల్లలు. మధ్యాహ్నం అన్నం వండే సోమక్క ఇటుకల బట్టీ దగ్గరి కొళాయి నుంచి రోజుకు పద్దెనిమిది బిందెలు నెత్తిన మోసుకొస్తుంది. కొళాయి కావాలని రెండేళ్ల కిందట దరఖాస్తు పెట్టింది మా బడి ప్రధానోపాధ్యాయురాలు నాగజ్యోతి. ఒక్క పేజీ. గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. ఆమె నా భార్య. పోయిన కార్తీకంలో చనిపోయింది. ఆ దరఖాస్తు వెంట తిరిగే పని ఇప్పుడు నాది. దరఖాస్తులో రాసిన ఫోన్ నంబరు ఆమెది. ఆ ఫోను నా దగ్గరే ఉంది. ఛార్జింగ్, రీఛార్జ్ నేనే చూస్తున్నాను. ఈ సంగతి ఇంతటితో చాలు.

మంత్రిగారు చెప్పిన పరుగు పేరు 'వాయువేగం'. అది ఒక సాఫ్ట్‌వేర్. ఆఫీసులో మనుషులు చేసే పనులన్నీ దానంతట అదే చేస్తుందట. కాగితం తీసుకోవడం, పరిశీలించడం, పై అధికారికి పంపడం, జవాబు ఇవ్వడం, అన్నీ. ఇలాంటివి బిగించాలంటే ఏళ్లు పడుతుందని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారని, ఇది పదకొండు నిమిషాల్లో బిగించవచ్చని మంత్రిగారు సవాలు చేశారు. వేదిక మీద పెద్ద గడియారం పెట్టారు. మంత్రిగారు బటన్ నొక్కారు.

నిజంగానే పదకొండు నిమిషాలు పట్టింది. నేను సాక్షిని. అందులో బటన్ ఎక్కడుందో వెతకడానికి రెండు నిమిషాలు, నొక్కుతున్నట్టు ఫోటోలు తీయడానికి నాలుగు నిమిషాలు పోయాయి. తక్కిన ఐదు నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ తనంతట తాను దిగింది. ఇంత సులువుగా ప్రభుత్వంలోకి దిగిన వస్తువును నేను మరొకటి చూడలేదు.

జనం వెళ్లిపోయాక లోపలికి వెళ్లాను. సూపరింటెండెంట్ నాగసుబ్బయ్యగారి ఎదుట ఒక కుర్రవాడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పేరు జ్ఞానేశ్వర్. బద్వేలు పిల్లవాడు. వాళ్ల నాన్నకు అక్కడ కిరాణా కొట్టు. బెంగళూరులో చదువుకుని ఈ కంపెనీలో చేరాడు.

"సార్, ఇన్‌స్టాల్ అయిపోయింది. ఇప్పుడు ప్రాసెస్ ఫీడ్ చేయాలి," అన్నాడు.

"అంటే?"

"మీ ఆఫీసులో పని ఎట్ల జరుగుతుందో దానికి చెప్పాలి. అది మనం చెప్పినట్టే చేస్తుంది."

నాగసుబ్బయ్యగారు బీరువా తెరిచి నిబంధనల పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. దుమ్ము లేచింది. ముగ్గురం తుమ్మాం.

జ్ఞానేశ్వర్ పది పేజీలు తిప్పాడు. "సార్, దీని ప్రకారం ప్రతి దరఖాస్తూ ఏడు రోజుల్లో తేలిపోవాలి."

"అవును."

"తేలుతుందా?"

"అది పుస్తకం నాయనా," అన్నారు నాగసుబ్బయ్యగారు దయగా.

"నాకు పుస్తకంలోది వద్దు సార్. నిజంగా జరిగేది కావాలి. మా కంపెనీ రూల్ అది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి. ఒక స్టెప్ తప్పినా సిస్టమ్ ఫెయిల్ అవుతుంది."

నాగసుబ్బయ్యగారు ఆలోచనలో పడ్డారు. ఆయన ఆ సీటులోకి వచ్చి తొమ్మిదేళ్లయింది. తన బల్ల మీదికి వచ్చే ముందు కాగితం ఎక్కడ ఉంటుందో, వెళ్లాక ఎక్కడికి పోతుందో ఆయనకు తెలియదు. ఆ మాట ఆయనే నిజాయితీగా ఒప్పుకున్నారు. "ఈ ఆఫీసులో అది తెలిసినవాడు ఒకడే ఉన్నాడు," అని బెల్ కొట్టారు.

పెద్ద ఈరన్న వచ్చాడు. అటెండరు. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసు. నన్ను చూసి, "అయివారూ, ఇంగా ఈడనే ఉండారా? మీ కాగితం సంగతి నేను చూసుకుంటా అన్న్యా కదా," అన్నాడు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. అది కాసేపట్లో చెబుతాను.

ఈరన్న చెబుతుంటే రాసుకోవడానికి జ్ఞానేశ్వర్ సిద్ధపడ్డాడు. కానీ బెంగళూరు చదువు వల్ల తెలుగు టైపు చేయలేడు. నాగసుబ్బయ్యగారు నా వైపు చూశారు. "మీరు తెలుగు సార్ కదా. దస్తూరి బాగుంటుంది. కొంచెం రాసిపెట్టండి." నాకు సంతోషం వేసింది. ఆఫీసుకు ఒక సాయం చేస్తే కొళాయికి మంచిదే అనుకున్నాను. ఠావు కాగితాలు తెచ్చుకుని కూర్చున్నాను.

"ఈరన్నా, కాగితం వస్తుంది. మొదట ఏం చేస్తారు?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"పైనుంచి కిందికి చూస్తాము సార్."

"చదువుతారా?"

"చూస్తాము అన్న్యా."

నేను 'చూచుట' అని రాశాను.

"తర్వాత?"

"జెరాక్సు యాడ అంటాము."

"జెరాక్స్ తెచ్చి ఉంటే?"

"ఇంగోటి యాడ అంటాము."

"దీన్నే మేం వాలిడేషన్ అంటాం," అన్నాడు జ్ఞానేశ్వర్ ఉత్సాహంగా.

"మీరేమన్నా అనుకోండి సార్. మేము అనేది అదే. ఆనెంక సార్ లేరు అంటాము."

"సార్ ఉంటే?"

"ఉంటే మీటింగులో ఉండారు అంటాము."

నాగసుబ్బయ్యగారు కిటికీలోంచి బయటి వేపచెట్టును శ్రద్ధగా చూస్తున్నారు.

"తర్వాత?"

"రేపు రా అంటాము. రేపొస్తాడు. మళ్లా రేపు రా అంటాము. ఏడుసార్లు."

"ఏడే ఎందుకు?"

"మొదట్లో మూడే ఉండె సార్. మూడుసార్లు ఎవడైనా వస్తాడు, ఊరికే పొద్దుపోకనైనా వస్తాడు. ఏడుసార్లొచ్చినోడికి నిజంగా పని ఉండాదని అర్థం. ఎనిమిదోసారి వస్తే కూచోబెట్టి నీళ్లిచ్చి, కాగితం లోపలికి పంపుతాము."

"ఎనిమిదోసారి రాకపోతే?"

"రాలేదంటే తీరిపోయినట్టే కదా సార్. తీరిపోయిందని రాసి కట్ట కట్టేస్తాము."

జ్ఞానేశ్వర్ బల్ల మీద చరిచాడు. "సూపర్! ఎగ్జిట్ కండిషన్, అంటే ఎక్కడ ఆపాలో, క్లియర్‌గా ఉంది. నేను నాలుగు జిల్లాలు తిరిగినా సార్. మా కడపలో కూడా ఇంత క్లారిటీ ఎవరూ ఇవ్వలేదు. లోపలికి వెళ్లాక?"

"సార్ 'చర్చించండి' అని రాస్తారు."

"ఎవరితో?"

"అది రాయరు."

నాగసుబ్బయ్యగారు వేపచెట్టు నుంచి చూపు తిప్పకుండానే, "అది సందర్భాన్ని బట్టి," అన్నారు.

ఇలా నాలుగు ఠావులు నిండాయి. ముప్పై ఆరు మెట్లు. నేను ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట చేర్చలేదు. పిల్లలకు చెప్పేది అదే కదా. చెప్పినవాడి మాటను చెప్పినట్టే రాయాలని.

చివర జ్ఞానేశ్వర్ అడిగాడు. "ఇన్ని మెట్లు దాటి పని ఎట్ల అవుతుంది ఈరన్నా? ఎక్కడో ఒకచోట అవ్వాలి కదా."

ఈరన్న కాస్త తటపటాయించాడు. నాగసుబ్బయ్యగారు టీకి లేచి వెళ్లేదాకా ఆగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"కట్టలన్నీ నేనే కదా సార్ మోసేది. మోసేటప్పుడు పేర్లు చూస్తా. ముసిలోళ్లదో, బడి పిల్లోళ్లదో ఉంటే దాన్ని తీసి పైన పెడతా. సార్ టీ తాగొచ్చినెంక మొదటి మూడు కాగితాలు అడక్కుండా సంతకం పెడతారు. నాలుగోదాని కాన్నుంచే చర్చించండి మొదలు. ఆ మూడిట్లో పడితే పనైపోతాది."

జ్ఞానేశ్వర్ నోరు తెరిచాడు.

"మేడమ్ ఏడుసార్లొచ్చింది," అన్నాడు ఈరన్న నా వైపు తిరిగి. "ఎనిమిదోసారి మీరొచ్చినారు. వచ్చే గురువారం పైన పెడతా అనుకున్న్యా."

నేను కలం ఎత్తాను.

"ఆ ముక్క రాయొద్దు అయివారూ," అన్నాడు ఈరన్న. "అది నా డ్యూటీ కాదు. పై సార్లకు తెలిస్తే బాగుండదు. రిటైర్మెంటు ముంగల నాకెందుకప్పా."

ఆయన అడిగిన తీరు అలాంటిది. నేను కలం దించాను. జ్ఞానేశ్వర్ కూడా, "ఇది అఫీషియల్ స్టెప్ కాదులే సార్, వదిలేయండి," అన్నాడు. అలా ముప్పై ఆరు మెట్లు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాయి. ముప్పై ఏడోది వెళ్లలేదు.

నాగసుబ్బయ్యగారు నా నాలుగు ఠావులను పైనుంచి కిందికి చూసి సంతకం పెట్టారు.

ఆ గురువారం రాకముందే, సోమవారం పది గంటలకు వాయువేగం మొదలైంది. కాగితాల కట్టలన్నీ స్కాన్ చేసి దానికి పెట్టేశారు. పది గంటల ఒక నిమిషానికి నా జేబులో నాగజ్యోతి ఫోను మోగింది. అప్పుడు ఏడో తరగతిలో సంధులు చెబుతున్నాను. బయటికి వచ్చి చూశాను.

'మీ దరఖాస్తు చూచితిమి. ఇంకొక జెరాక్సు జతపరచండి. సార్ మీటింగులో ఉన్నారు. రేపు రండి.'

దస్తూరి కనబడకపోయినా మాటలు నావే. చదువుతుండగానే రెండోది వచ్చింది. రేపు రండి. మూడోది. రేపు రండి. ఒకే నిమిషంలో ఏడు వచ్చాయి. పాఠకులు గమనించాలి. పూర్వం ఈ ఏడు మాటలు చెప్పడానికి కార్యాలయానికి ఏడు రోజులు, కొన్నిసార్లు ఏడు నెలలు పట్టేది. ఆ నిమిషం అయిపోగానే ఎనిమిదో మెసేజ్ వచ్చింది.

'మీరు రాలేదు. మీ సమస్య తీరిపోయినది. శుభం.'

వంటగది గుమ్మంలో సోమక్క బిందె దించుతూ, "ఏమైంది సార్, మొకం అట్ల పెట్టినారు?" అంది.

"మన కొళాయి సమస్య తీరిపోయిందట."

సోమక్క వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. కొళాయి రావాల్సిన గోడ అది. "యాడ సార్?" అంది.

మరుసటి రోజు ఆఫీసుకు వెళ్లాను. నాకంటే ముందే మూడు వందల మంది ఉన్నారు. రేపు రమ్మన్నారు కాబట్టి వచ్చామంటున్నారు. గుమ్మం దగ్గర పెద్ద ఈరన్న పసుపుపచ్చ టీషర్టు వేసుకుని నిలబడ్డాడు. టీషర్టు మీద 'డిజిటల్ మిత్ర' అని ఉంది. మోసే కట్టలు లేవు కాబట్టి ఆయనకు ఆ హోదా ఇచ్చారు.

"వచ్చినాం కదప్పా, ఇంగేం కావాల?" అంటున్నాడొక పెద్దాయన.

"నువ్వొచ్చింది నాకు కనపడతాండాదన్నా. దానికి కనపడాల కదా."

జ్ఞానేశ్వర్ వివరించాడు. దరఖాస్తులో రాసిన ఫోను ఆఫీసు లోపలికి వస్తే, మనిషి వచ్చినట్టు వాయువేగం పసిగడుతుంది. అందుకు ఒక చిన్న పెట్టె గుమ్మం మీద బిగించాలి. పెట్టె వచ్చింది. అట్టపెట్టెలోనే ఉంది. బిగించడానికి ఆఫీసు అనుమతి కావాలి. అనుమతికి దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తులు తీసుకునేది ఇప్పుడు వాయువేగమే.

"పెట్టినావా?" అన్నాను.

"పెట్టినాను సార్."

"ఏమంది?"

తన ఫోను నాకు చూపించాడు. ఏడు రేపులు, ఒక శుభం ఉన్నాయి. "నా సమస్య తీరిపోయింది సార్," అన్నాడు పాపం.

ఈరన్న నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "అయివారూ, మేడమ్ కాగితం పైన పెడదామని చూసినా. దాంట్లో పైన ఏది, కింద ఏది?"

నేను జ్ఞానేశ్వర్ దగ్గరికి వెళ్లాను.

దరఖాస్తును నా పేరు మీదికి మార్చుకోవచ్చని జ్ఞానేశ్వర్ సలహా ఇచ్చాడు. తెర మీద కారణం ఎంచుకోవాలి. మూడు ఉన్నాయి: పేరులో అక్షరదోషం, పెళ్లివల్ల ఇంటిపేరు మారినది, ఊరు మారినారు. మూడింటినీ రెండుసార్లు చదివాను. దగ్గరగా ఉన్నది 'ఊరు మారినారు'.

"అది నొక్కండి సార్, పనైపోతుంది," అన్నాడు.

నేను నొక్కలేదు. అది సరైన మాట కాదు.

ఇక వాయువేగం సాధించిన విజయాల సంగతి. నెలాఖరుకు మంత్రిగారు విలేకరుల సమావేశం పెట్టి లెక్కలు చదివారు. పూర్వం ఒక సమస్య తీరడానికి సగటున పద్నాలుగు నెలలు. ఇప్పుడు ఒక నిమిషం పన్నెండు సెకన్లు. చుట్టుపక్కల జిల్లాల వాళ్లు ఆశ్చర్యపోతున్నారు. కడపకు కూడా ఇస్తున్నాం. అన్నిటికంటే గొప్పది, చర్చలు. ఎవరో ఒక ఇరవై మంది పలుకుబడితో అడ్డదారిన ఫైలును లోపలిదాకా పంపించుకున్నారు. వాటి మీద వాయువేగం 'చర్చించండి' అని రాసింది. ఎవరితోనో లేదు కాబట్టి తనతో తానే చర్చించుకోవడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలకు ఒకసారి, రాత్రింబవళ్లు.

"ఒక్క నెలలో నాలుగు లక్షల ముప్పై రెండు వేల చర్చలు!" అన్నారు మంత్రిగారు. "ప్రజాస్వామ్యంలో ఇంత చర్చ యాడన్నా జరిగిందా చెప్పండి."

ఒక విలేకరి లేచి, ఆ చర్చల్లో ఏం తేలిందని అడిగాడు.

"ఇంకా చర్చిస్తాండాది. తొందరపెట్టకూడదు," అన్నారు మంత్రిగారు. ఆయనలో ఈ ఓపిక నాకు నచ్చింది.

తీరిన సమస్యలు లక్షకు దగ్గరపడ్డాయి. లక్షో సమస్య తీరిన సందర్భంగా ఉత్సవం చేయాలని నిర్ణయించారు. లక్షో మనిషిని వేదిక మీద సన్మానించాలి. ఆ బాధ్యత భూపేష్‌కు అప్పగించారు. భూపేష్ మంత్రిగారి అనుచరుడు, చురుకైనవాడు. లక్షో మనిషి ఎవరో అని వెతికితే పోతిరెడ్డిపాడులో గేదెలపాక గొడవలాంటిదేదో వచ్చింది. సభలో బాగుండదని పక్కన పెట్టాడు. జాబితాలో 'బడి', 'పిల్లలు', 'నీళ్లు' అని ఉన్న దరఖాస్తు కనపడింది. దాన్ని లక్షోది చేశాడు.

అలా నాగజ్యోతి ఫోనుకు ఆహ్వానం వచ్చింది. 'తీరిన సమస్యల పండుగకు తమరు స్వయంగా విచ్చేయగలరు.'

నేను వెళ్లాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. సోమక్క పట్టుబట్టింది. "పెద్దాయన ముందర అడుగుదాం సార్. ఇంత దగ్గరగా మళ్లా యాడ దొరుకుతాడు?" ఇద్దరం కల్లూరులో షేర్ ఆటో ఎక్కి వెళ్లాం. ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆహ్వానం అందులో ఉంది కాబట్టి.

ఆఫీసు ఆవరణ నిండిపోయింది. జనాన్ని తేవడానికి భూపేష్ కష్టపడలేదట. సమస్య తీరిపోయినవాళ్ల జాబితా తీసి అందరికీ ఫోన్లు చేయించాడు. ఫోన్ వస్తే చాలని వాళ్లు వచ్చేశారు. నా పక్కన కూర్చున్న రైతును ఎందుకొచ్చారని అడిగాను. "రేపు రమ్మన్న్యారు కదా సార్. ఈ పొద్దే ఆ రేపేమో అని వచ్చినా," అన్నాడు.

వేదిక వెనక గోడంత తెర. దాని మీద పెద్ద అంకెల్లో 'తీరిన సమస్యలు: 1,00,000'. జ్ఞానేశ్వర్ వేదిక మీద ఒక మూల నిచ్చెన ఎక్కి ఏదో బిగిస్తున్నాడు. చూస్తే, అట్టపెట్టెలోని ఆ పెట్టె. సభకు ఎంతమంది వచ్చారో ఫోన్లను బట్టి లెక్కేసి తెర మీద చూపించాలని మంత్రిగారికి కోరిక పుట్టింది. నోటిమాటగా బిగించమన్నారు. బిగించడం పదకొండు నిమిషాల్లో అయిపోయింది, ఆన్ చేయడమే మిగిలింది.

"మా లక్షో అదృష్టవంతురాలు, శ్రీమతి నాగజ్యోతి మేడమ్‌గారు!" అని మైకులో పిలిచారు.

భూపేష్ పరిగెత్తుకొచ్చాడు. "సారూ, మేడమ్ యాడ?"

"ఆమె రాలేరు," అన్నాను.

"ఫోన్ చేసి పిలిపించండి సారూ, మంత్రి నిలబడుండాడు!"

"ఫోను నా దగ్గరే ఉంది."

భూపేష్‌కు నా ముఖం చూసే తీరిక లేదు. చుట్టూ చూశాడు. నా పక్కన సోమక్క ఉంది. చేయి పట్టుకుని లేపాడు. "మాట్లాడొద్దక్కా. పైకెక్కు, దండం పెట్టు, దిగు." నేను అడ్డు చెప్పేలోపే సోమక్క మెట్లెక్కింది. అడగాల్సినది ఒకటుందని ఆమెకు గుర్తుంది కదా.

మంత్రిగారు శాలువా కప్పారు. ఫోటోలు తీశారు. "కొళాయి వచ్చినాక మీకెట్లుండాదమ్మా?" అని మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

సోమక్క శాలువాను వేళ్లతో పట్టి చూసింది. "ఇది మెత్తగుండాది సార్. చుట్టి నెత్తిన పెట్టుకుంటే బిందె ఒత్తుకోదు," అంది. "కొళాయి ఎప్పుడేస్తారు సార్?"

భూపేష్ మైకు లాక్కున్నాడు. మంత్రిగారు పెద్దగా నవ్వి, "చూసినారా, మన ఆడవాళ్ల చమత్కారం!" అన్నారు. ఆ క్షణంలోనే నిచ్చెన మీదనుంచి జ్ఞానేశ్వర్, "ఆన్ అయింది సార్!" అని అరిచాడు.

తెర మీది అంకె ఒకసారి మినుకుమంది.

99,999.

ముందు వరుసలో ఎవరిదో ఫోను మోగింది. ఇంకొకటి మోగింది. 99,998. 99,997. నా పక్కనున్న రైతు ఫోను తీసి చూసుకుని, "నేనొచ్చినట్టు తెలిసిపోయిందప్పా దానికి!" అని లేచి నిలబడ్డాడు. "నాది తీరలేదని రాసినారు. తీరలేదని!" అంత సంతోషంగా ఆ మాట చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

99,640. 98,912. ఆవరణంతా ఫోన్లు గణగణ మోగుతున్నాయి. అంకె పడిపోతున్న కొద్దీ జనం చప్పట్లు కొడుతున్నారు. మంత్రిగారి వీపు తెర వైపు ఉంది. ఆయన చేతులు జోడించి, "ఈ అభిమానానికి నేను పాత్రుణ్ణి కాను," అన్నారు. చప్పట్లు పెరిగాయి. "ఇంకా గట్టిగా!" అన్నారు. జనం ఇంకా గట్టిగా కొట్టారు.

నాగసుబ్బయ్యగారు వేదిక పక్కకు పరిగెత్తారు. అక్కడ పెద్ద ఈరన్న పసుపుపచ్చ టీషర్టులో, కరెంటు బోర్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఈరన్నా! ఆ పెట్టె వైరు పీకెయ్!"

ఈరన్న ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు.

"దరఖాస్తు యాడ సార్?"

"ఏం దరఖాస్తయ్యా, నేనే చెబుతున్నా కదా!"

"నోటిమాటకు పీకితే రేపు నా మీదికొస్తాది. రాసియ్యండి." నాగసుబ్బయ్యగారు జేబులోంచి ఏదో రసీదు తీసి, దాని వెనక నాలుగు ముక్కలు గీకి ఇచ్చారు. ఈరన్న దాన్ని అందుకుని తిరగేసి చూశాడు.

"జెరాక్సు?" అన్నాడు.

అంకె తొంభై ఆరు వేల దగ్గరికి వచ్చింది. సోమక్క శాలువా మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగుతోంది. ఈరన్న అంత దూరం నుంచి నన్ను చూసి తల ఊపాడు.

అప్పుడు నా జేబులో ఫోను మోగింది. కళ్లద్దాలు పెట్టుకుని చదివాను.

'నాగజ్యోతి గారూ, ఎనిమిదోసారి మీరు స్వయంగా వచ్చినందుకు సంతోషం. కొళాయి విషయం మీతోనే చర్చించవలసి ఉన్నది. రేపు రండి.'

ఛార్జింగ్ పద్నాలుగు శాతం ఉంది. ఆటో కోసం నడిచాం.